సీజన్ లేని టోర్నమెంటు

బందరులో డిగ్రీ చదివే కుర్రాడొకడు బాస్కెట్‌బాల్ ఆడతాడనుకుందాం. పొద్దున్నే మంగినపూడి నుంచి బస్సెక్కి కాలేజీకి వస్తాడు, సాయంత్రం ఓ గంట బంతితో గడిపి చీకటి పడేసరికి ఇల్లు చేరతాడు. మూడేళ్ల చదువులో, కాలేజీ పేరున్న బనీను వేసుకుని, రిఫరీ ఈల కింద, స్కోరు బల్ల ఎదుట అతను ఆడే అసలైన మ్యాచ్‌లు ఎన్ని?

విశ్వవిద్యాలయం ఏడాదికొకసారి పెట్టే ఇంటర్ కాలేజియేట్ పోటీలే అతనికి దిక్కు. అవి ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో జరుగుతాయి. నాకౌట్ లెక్క చాలా కటువైనది. పదహారు జట్లు వస్తే మొదటి రౌండులోనే ఎనిమిది ఇంటిదారి పడతాయి. అంటే వచ్చినవాళ్లలో సగంమందికి ఆ ఏడాది మొత్తమ్మీద దక్కేది ఒకే ఒక్క మ్యాచ్. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం మ్యాచ్ అంటే పదేసి నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, నలభై నిమిషాలు. మూడేళ్లూ మొదటి రౌండులోనే ఓడిన కుర్రాడి కాలేజీ క్రీడా జీవితం, ఒక్క క్షణం కూడా బెంచీ మీద కూర్చోకపోయినా, నూట ఇరవై నిమిషాలు. రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం మూడేళ్లు సాధన చేసినవాడిని, 'ఆటలో నిలకడ లేదు' అని సెలక్షన్ బల్ల దగ్గర తీసిపారేస్తున్నాం.

బందరు, గుడివాడ, దివిసీమ కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఎందుకు ఎదగలేదన్న ప్రశ్నకు చాలా జవాబులు వినిపిస్తాయి. కోర్టులు లేవంటారు. డబ్బు లేదంటారు. మనవాళ్లకు ఎత్తు లేదంటారు. ఇది కబడ్డీ, వాలీబాల్ నేల అంటారు. వీటిలో నిజం ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద కారణం మన పోటీల అమరికలోనే ఉంది. మనకు టోర్నమెంటు ఉంది, దాని ముందు ఉండాల్సిన సీజన్ లేదు. నాట్లు వేయకుండా కోతకు కొడవళ్లు పట్టుకెళ్లే పని ఏటేటా చేస్తున్నాం.

ఇప్పుడున్న వరస ఇలా సాగుతుంది. విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీల్లో ఏదో ఒకటి ఆతిథ్యం ఇస్తుంది. కాలేజీలు ఎంట్రీలు పంపుతాయి. ఫిక్చర్ వేసేటప్పుడు క్రితం ఏడాది పైకి వచ్చిన జట్లను విడివిడిగా పెట్టి, మిగిలినవాటికి చీటీలు తీయడం వాడుక. రెండు మూడు రోజుల్లో పోటీ ముగుస్తుంది. మ్యాచ్‌లు జరుగుతుండగానే సెలక్షన్ కమిటీ పక్కన కూర్చుని పేర్లు రాసుకుంటుంది. ఆ పేర్లతో విశ్వవిద్యాలయ జట్టు తయారై, చిన్న శిక్షణ శిబిరం తరవాత సౌత్ జోన్ పోటీకి బయలుదేరుతుంది. దేశంలోని విశ్వవిద్యాలయాలను నాలుగు మండలాలుగా విభజించి ఈ పోటీలు నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా పుట్టి, 1973లో ఇప్పటి పేరు తెచ్చుకున్న సంస్థ అది. ఒక్కో మండలం నుంచి మొదటి నాలుగు జట్లు అఖిల భారత పోటీకి వెళ్తాయి. అక్కడ రాణించినవాళ్లకు, 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ ఉన్నాయి.

కాగితం మీద ఇది చక్కటి నిచ్చెన. బందరు కాలేజీ కోర్టు నుంచి భువనేశ్వర్ దాకా మెట్లు కనిపిస్తాయి. అయితే ఈ నిచ్చెన పనల్లా మనిషిని వడబోయడమే, అతని ఆటను పెంచడం కాదు. పన్నెండుమందిని ఏరడానికి అది పనికొస్తుంది. మిగిలిన వందమందికి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు.

ఇందులో సర్టిఫికెట్ సంగతి దాచేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో విశ్వవిద్యాలయం తరఫున అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకు ఫారం-3 అనే పత్రం ఉంది. రాష్ట్రం కూడా 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల రిజర్వేషన్‌ను రెండు శాతం నుంచి మూడు శాతానికి పెంచింది. కౌలు రైతు కొడుక్కో, వేటకు వెళ్లే గంగపుత్రుల బిడ్డకో ఆ కాగితం విలువ ఎంతో నాకు తెలుసు. దాని కోసం ఆడటంలో తప్పు లేదు. కాకపోతే ఆ కాగితమే మొత్తం పోటీకి పరమార్థం అయిపోయినప్పుడు, పిల్లలు జట్టు కోసం ఆడటం మానేసి సెలక్షన్ బల్ల కోసం ఆడతారు. పాస్ ఇవ్వాల్సిన చోట షాటుకు పోతారు. ఇది వాళ్ల స్వార్థం అనను. తనకున్నది ఒక్క మ్యాచే అని తెలిసినవాడు అంతకంటే ఏం చేస్తాడు? రేపు ఇంకో మ్యాచ్ ఉందన్న ధీమా ఉంటేనే ఆటగాడు ఇవాళ పక్కవాడికి బంతి ఇస్తాడు.

ఈ ఆట పుట్టిన దేశంలో సంగతి ఎలా ఉందో చూద్దాం. అక్కడి డబ్బూ టీవీ మనకు లేవు, వాటి ఊసు వద్దు. అమరిక మాత్రం చూడదగ్గది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు ప్రాణం పోశాడు. అక్కడి కాలేజీలు మొదట్లో ఇరుగుపొరుగువాళ్లుగా జట్టుకట్టి, కాన్ఫరెన్స్ అనే కూటములయ్యాయి. కూటమిలోని జట్లు చలికాలమంతా ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడుకుంటాయి. ఆ పట్టిక ముగిశాక, మార్చి నెలలో కూటమిలోని జట్లు ఒకచోట చేరి మూడు నాలుగు రోజులు నాకౌట్ ఆడతాయి. దానిలో గెలిచిన జట్టుకు జాతీయ పోటీలో చోటు ఖాయం. దక్షిణాది కూటమి ఈ పద్ధతిని 1920ల మొదట్లోనే మొదలుపెట్టింది. నాకౌట్‌లో ఎవరు ఎవరితో తలపడాలో అక్కడ చీటీలు తేల్చవు, సీజన్ పట్టిక తేలుస్తుంది. ఎక్కువ గెలిచినవాడికి తేలిక దారి, తక్కువ గెలిచినవాడికి కష్టమైన దారి. ఓడిపోయిన జట్టు కూడా అప్పటికే ఇరవై, ముప్పై మ్యాచ్‌లు ఆడి ఉంటుంది.

అక్కడ కూడా ఈ చివరి టోర్నమెంటు న్యాయమా కాదా అన్న తగువు ఎన్నడూ తెగలేదు. 1974 మార్చిలో గ్రీన్స్‌బరోలో అట్లాంటిక్ తీర కూటమి ఫైనల్ జరిగింది. నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ జట్లు తలపడ్డాయి. ఆట అదనపు సమయానికి వెళ్లి 103–100తో నార్త్ కరోలినా స్టేట్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఆ రెండు జట్లకు సాటి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. గెలిచిన జట్టు జాతీయ విజేత కూడా అయింది. కూటమికి ఒక్క చోటే అన్న నిబంధన వల్ల ఓడిన మేరీలాండ్‌కు అసలు జాతీయ పోటీలో అడుగుపెట్టే అవకాశమే దక్కలేదు. ఆ అన్యాయం అందరి కళ్లకూ కట్టింది. మరుసటి ఏడాదే జాతీయ పోటీని 32 జట్లకు పెంచి, ఒకే కూటమి నుంచి ఒకటికి మించి జట్లను రానిచ్చారు. 1939లో ఎనిమిది జట్లతో మొదలైన ఆ పోటీలో 2011 నాటికి 68 జట్లు చేరాయి.

ఈ చివరి టోర్నమెంటుకు ఎదురు నిలిచినవాళ్లూ ఉన్నారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల ఐవీ లీగ్, మూడు రోజుల నాకౌట్‌ను చాలా కాలం దగ్గరకు రానీయలేదు. ఎనిమిది జట్లు, ఒక్కో ప్రత్యర్థితో సొంత ఊళ్లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి, మొత్తం పద్నాలుగు మ్యాచ్‌లు. ఆ పట్టికలో మొదట నిలిచినవాడే విజేత. 2017లో మాత్రమే వాళ్లు చివరి టోర్నమెంటుకు తలవంచారు. అదీ నాలుగు జట్లకే. నెలల తరబడి చూపిన నిలకడ ఒక్క చెడ్డ సాయంత్రంతో తుడిచిపెట్టుకుపోకూడదన్నది వాళ్ల వాదం. అందులో నాకు న్యాయం కనిపిస్తుంది.

అవతలి పక్షానికి 2024 బలమైన సాక్ష్యం. ఆ ఏడాది అట్లాంటిక్ తీర కూటమిలో నార్త్ కరోలినా స్టేట్ పదో స్థానంలో టోర్నమెంటుకు వచ్చింది. పదిహేడు గెలుపులు, పద్నాలుగు ఓటములు. ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి విజేతగా నిలిచింది. అక్కడితో ఆగకుండా జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్లింది. టోర్నమెంటే లేకపోతే ఆ ఏడాది ఆ జట్టును ఎవరూ తలుచుకునేవారు కాదు. చివరిదాకా ఎవరికైనా తలుపు తెరిచి ఉంచడం నాకౌట్ గొప్పతనం. అయితే ఆ జట్టు ఐదు రోజులు అలా ఆడగలిగిందంటే, అంతకుముందు ముప్పై ఒక్క మ్యాచ్‌లు ఆడి, అందులో పద్నాలుగు ఓడి, ఎక్కడ తడబడుతున్నామో నేర్చుకుంది కాబట్టి. మన జట్లకు ఓడి నేర్చుకునే అవకాశమే లేదు.

ఇప్పుడు ఈ ఇరుగుపొరుగు అన్న మాట పట్టుకుని కృష్ణా డెల్టాకు వద్దాం. నాకు అసలు బాధ ఇక్కడే.

చదువుల చరిత్రలో బందరుది చిన్న స్థానం కాదు. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి నోబుల్ కాలేజీగా ఎదిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. హిందూ కాలేజీ ఆ తరవాత తోడైంది. ఆటల వైపు చూస్తే, భారత టెస్ట్ జట్టు తొలి కెప్టెన్ సి.కె. నాయుడు కుటుంబ మూలాలు ఈ ఊళ్లోవే. ఉయ్యూరు పక్కన గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావు వెయిట్‌లిఫ్టింగ్‌లో దేశానికి పేరు తెచ్చి, 'నర్తనశాల'లో భీముడిగా తెలుగువాళ్లందరికీ తెలిశారు. బాస్కెట్‌బాల్ దక్షిణాదికి వైఎంసీఏ దారిలో వచ్చింది. 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిన వ్యాయామ విద్యా కళాశాలలో తయారైన వ్యాయామ ఉపాధ్యాయులు దక్షిణాది బళ్లకు, కాలేజీలకు ఈ ఆటను మోసుకొచ్చారు. పురుషుల తొలి జాతీయ పోటీలు 1934లో జరిగాయి. మన వైపు మిషనరీ కాలేజీల్లో, తరవాత 1953లో విజయవాడలో వచ్చిన ఆంధ్ర లొయోలా కాలేజీలో ఆటకు నీడ దొరికింది.

ఈ కాలేజీల మీద విశ్వవిద్యాలయం మారుతూ వచ్చింది. 1926 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1976 నుంచి నాగార్జున. 2008 నుంచి బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం, ఇప్పుడు రుద్రవరంలో సొంత ప్రాంగణం. పరిధి తగ్గేకొద్దీ పోటీలు దగ్గరవాళ్ల మధ్య పదునెక్కాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు దాకా వెళ్లి ఒక్క మ్యాచ్ ఓడి వచ్చే రోజులు పోయి, గుడివాడవాళ్లతో బందరువాళ్లు తరచూ తలపడే రోజులు రావాలి.

అలా రాలేదు. ఎందుకంటే విశ్వవిద్యాలయాలు నిలువునా కూడా చీలాయి. ఇవాళ ఈ చిన్న ప్రాంతంలో చదువుకునే పిల్లలు ఎవరెవరి కింద ఉన్నారో చూడండి. బందరు హిందూ కాలేజీ, గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు పేరున్న కాలేజీ, ఉయ్యూరులో చెరకు రైతుల పేరు తన పేరులోనే మోసే సిద్ధార్థ కాలేజీ, మొవ్వ, అవనిగడ్డ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు కృష్ణా విశ్వవిద్యాలయం కిందకు వస్తాయి. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ చూసేది కాకినాడ జేఎన్‌టీయూ వైపు. 2023లో బందరులో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, గుడివాడలో దశాబ్దాలుగా ఉన్న హోమియో వైద్య కళాశాల ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం గొడుగు కిందవి. గుడ్లవల్లేరు పాలిటెక్నిక్ పిల్లలకు పాలిటెక్నిక్‌ల ఆటల పోటీలు వేరే. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ జట్టుకు, పది పదిహేను కిలోమీటర్ల దూరంలోని గుడివాడ డిగ్రీ జట్టుకు మధ్య అధికారికంగా మ్యాచ్ జరిగే వీలే లేదు. గుడ్లవల్లేరు జట్టు ఆడాలంటే కాకినాడ కింద ఉన్న కాలేజీల్లో ఏ మూలకో వెళ్లాలి. బందరులో ఒకే వీధిలో ఉండే ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు బీఎస్సీ, ఇంకొకడు బీటెక్ చదువుతుంటే, చదువు ముగిసేదాకా ఎదురెదురుగా ఒక్క ఆట ఆడరు.

పైగా కృష్ణా విశ్వవిద్యాలయం పరిధిలోనే విజయవాడ కాలేజీలున్నాయి. 2022లో జిల్లాలు విడిపోయి బెజవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా, విశ్వవిద్యాలయం మాత్రం ఉమ్మడిదే. నగరంలో పిల్లలు ఎక్కువ, కోర్టులు ఎక్కువ, శిక్షణ ఇచ్చే క్లబ్బులు దగ్గర. మొవ్వ జట్టుకో అవనిగడ్డ జట్టుకో చీటీలో మొదటే నగర జట్టు తగిలితే ఆ ఏడాది కథ అక్కడే ఆగుతుంది. ఎనభై పాయింట్ల తేడాతో ఓడిన పిల్లలకు ఆ మ్యాచ్ ఏం నేర్పుతుంది? తమ స్థాయి జట్లతో నాలుగు మ్యాచ్‌లు ఆడాక అదే నగర జట్టును ఎదుర్కొంటే, ఓడినా ఆ ఓటమిలో సరుకుంటుంది.

చివరి టోర్నమెంటుకు అమెరికా కాలేజీలిచ్చే విలువ అంతా ఆ ఇరుగుపొరుగు పంతం మీద నిలబడింది. అక్కడ ఇటీవల ఆ పునాదినే తవ్వేస్తున్నారు. పసిఫిక్ తీరం వైపున్న స్టాన్‌ఫర్డ్ 2024లో అట్లాంటిక్ తీర కూటమిలో చేరింది. టీవీ డబ్బు కోసం ఖండం దాటి మ్యాచ్‌లు ఆడుతున్నారు. వాళ్లు చేతులారా పోగొట్టుకుంటున్న ఇరుగుపొరుగు మనకు ఊరికే ఉంది. విజయవాడ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఉయ్యూరు మీదుగా బందరులో ముగుస్తుంది. 216వ నంబరు రహదారి బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమ అంచు తాకుతూ పోతుంది. గుడివాడకు రైలుంది, బస్సుంది. ఈ ఊళ్లలో ఏ రెండింటి మధ్య చూసినా పొద్దున బయలుదేరి, మ్యాచ్ ఆడి, రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు. బస ఖర్చు లేదు.

అడ్డంకుల గురించి చెప్పేవాళ్ల మాట కూడా వినాలి. వాటిలో నేలదే మొదటిది. మనది నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. మట్టి కోర్టులో వాన తరవాత వారం రోజులు బంతి లేవదు. కింద నేలను మార్చి గ్రావెల్, ఇసుక దట్టించకుండా పైన సిమెంటు పోస్తే రెండు మూడేళ్లలో బీటలు వారుతుంది. మంగినపూడి తీరానికి ఇసుక బదులు నల్లమట్టే ఉంటుందన్నది చూసినవాళ్లకు తెలుసు. ఆ మట్టి స్వభావమే లోపలి ఊళ్లకూ కొంత ఉంది. దానికి తోడు ఉప్పుగాలి. రంగు వేయని ఇనుప స్తంభం, రింగు కొద్దికాలానికే పొరలు పొరలుగా రాలతాయి. కోర్టు కట్టడానికి దాత దొరుకుతాడు, శిలాఫలకం మీద పేరు పడుతుంది. ఏటా రంగు వేయించడానికి, వల మార్చడానికి ఎవరూ దొరకరు. కొత్త కోర్టుకిచ్చే డబ్బులో కొంత పాతదాని నిర్వహణకు కట్టివేయాలి.

రెండోది వాతావరణం. సౌత్ జోన్‌కు జట్టు పంపాలంటే ఇంటర్ కాలేజియేట్ పోటీలు ఎక్కువగా సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు ముగించాలి. మనకు తుపానులు వచ్చేదీ అప్పుడే. 1977 నవంబరు 19 ఉప్పెనను దివిసీమ ఇప్పటికీ తలుచుకుంటుంది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025లో మొంథా అక్టోబరు 28న వచ్చింది. తుపాను హెచ్చరిక జెండా ఎగరగానే కాలేజీలకు సెలవులు, కాలేజీ భవనాలు కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు. మూడు రోజుల నాకౌట్ పెట్టుకుంటే ఒక్క వాయుగుండం ఏడాది పోటీని ముంచేస్తుంది. వారానికో మ్యాచ్ చొప్పున పరుచుకున్న లీగుకు ఆ ప్రమాదం తక్కువ. ఒక శనివారం పోతే ఇంకో శనివారం ఉంటుంది. సీజన్ కావాలనడానికి ఇది నాకు బలమైన కారణంగా కనిపిస్తుంది. దీన్ని ఎవరూ ఎందుకు ఎత్తిచూపరో అర్థం కాదు.

మూడోది మనుషులు. చాలా డిగ్రీ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) పోస్టు ఖాళీగా ఉండటమో, ఒకే మనిషి ఆటలతో పాటు క్రమశిక్షణ, ఎన్‌ఎస్‌ఎస్, పరీక్షల విధులన్నీ మోయడమో చూస్తున్నాం. 2015–16లో డిగ్రీకి సెమిస్టర్లు వచ్చాక ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. ఆపైన ఇంటర్న్‌షిప్‌లు చేరాయి. ఆఖరి ఏడాది ఆటగాడు ఏ హైదరాబాద్ కంపెనీలోనో ఉంటాడు, జట్టు ఇక్కడ ఉంటుంది. వీటన్నిటికంటే లోతైన గాయం ఇంటర్మీడియట్ రెండేళ్లు. హైస్కూల్లో బంతి పట్టిన పిల్లవాడిని మైదానం లేని జూనియర్ కాలేజీలో, హాస్టల్ గదిలో, పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా కూర్చోబెడతాం. పదహారు, పదిహేడేళ్లు అంటే ఎముకకు బలం, కంటికి చేతికి పొందిక కుదిరే వయసు. ఆ రెండేళ్లూ పోయాక డిగ్రీలో మళ్లీ మొదటి నుంచి డ్రిబుల్ నేర్పాలి. ఏ విశ్వవిద్యాలయ టోర్నమెంటూ దీన్ని పూడ్చలేదు. ఈ సంగతిలో తల్లిదండ్రులుగా మనందరికీ భాగం ఉంది.

నాలుగో మాట: ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. అమరావతి వైపు, చెన్నై, బెంగళూరుల్లో ఇవి ఆటగాళ్లకు ఫీజు రాయితీ, హాస్టలు ఇచ్చి తీసుకుంటున్నాయి. సౌత్ జోన్ బాస్కెట్‌బాల్‌లో మద్రాస్ విశ్వవిద్యాలయంతో పాటు ఎస్‌ఆర్‌ఎం, జైన్ వంటి పేర్లు గట్టిగా వినిపించడం వెనక ఇది ఉంది. ప్రతిభ ఉన్న పిల్లవాడికి మంచి కోచ్, తిండి దొరికితే నేను సంతోషిస్తాను. వెళ్లిపోయాడని ఏడవను. కానీ ఈ పద్ధతే పరిష్కారమని, చిన్న ఊళ్ల కాలేజీల్లో ఆటల మీద ఖర్చు వృథా అని వాదించేవాళ్లతో ఏకీభవించను. ఆ విశ్వవిద్యాలయాలు ఎంచుకోవడానికి ముందు ఆ పిల్లవాడు ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. గుడివాడలో ఆడే చోటు లేకపోతే చెన్నైవాళ్ల కంటికి అతను ఆనడు.

ఇది కబడ్డీ నేల అనేవాళ్లున్నారు. అవును. సంక్రాంతికి ఊళ్లలో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలకు వచ్చే జనాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2025 జూన్‌లో మంగినపూడిలో జరిగిన మసులా బీచ్ ఫెస్టివల్‌లో బీచ్ కబడ్డీకి దక్కిన ఆదరణ కూడా అంతే. ఆ ఆటలను చూసి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాటికి ఊరి పంతం ఉంది. ఫలానా ఊరి జట్టు వస్తోందంటే పనులు మానుకుని వచ్చే మనుషులున్నారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ప్రేక్షకులు లేకపోవడానికి ఆట కొత్తదవడం కారణం కాదు. ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానావాళ్లతో అని ఎవరికీ తెలియకపోవడం కారణం. ఒక తేదీ, ఒక ప్రత్యర్థి, ఏటా తిరిగి వచ్చే ఒక పంతం ఉంటే జనం వస్తారు. చెన్నై లొయోలా కాలేజీలో ఫాదర్ బెర్ట్రామ్ పేరిట దశాబ్దాలుగా జరుగుతున్న అంతర కళాశాలల పోటీలు అలా ఒక నగరపు అలవాటయ్యాయి.

జట్టుకు పన్నెండుమంది దొరకరన్న చిన్న కాలేజీల మొరకు జవాబు ఇప్పుడు ఒలింపిక్స్‌లోనే ఉంది. టోక్యోలో చేరిన త్రీ ఆన్ త్రీ ఆటకు సగం కోర్టు, ఒక్క రింగు, నలుగురు ఆటగాళ్లు చాలు. పది నిమిషాలు లేదా ఇరవై ఒక్క పాయింట్లు, ఏది ముందైతే అది. ఒక్క సాయంత్రంలో ఆరు జట్లు లీగు ఆడేయొచ్చు. దీన్ని అసలు ఆటకు బదులుగా పెట్టమనను. ఐదుగురి ఆటలో ఉండే అమరిక, పొడవాటి పరుగు ఇందులో రావు. కానీ మొవ్వలోనో అవనిగడ్డలోనో మొదలుపెట్టడానికి ఇంతకన్నా తేలికైన తలుపు లేదు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. బందరు, గుడివాడ, గుడ్లవల్లేరు, ఉయ్యూరు, మొవ్వ, అవనిగడ్డ. ఆరు చోట్ల నుంచి ఆరు జట్లు. ఏ విశ్వవిద్యాలయం కింద చదువుతున్నారని అడగకుండా, ఆ కాలేజీలో హాజరుపట్టీలో పేరుంటే చాలు అనే నిబంధన. ప్రతి జట్టూ మిగిలిన ఐదింటితో ఒక్కోసారి ఆడితే మొత్తం పదిహేను మ్యాచ్‌లు. పదహారు జట్ల నాకౌట్‌కు కూడా సరిగ్గా పదిహేను మ్యాచ్‌లే పడతాయి. రిఫరీలకు అయ్యే ఖర్చు అదే, బంతులు అవే. తేడా ఏమిటంటే నాకౌట్‌లో సగంమందికి ఒక్క మ్యాచ్, లీగులో అందరికీ ఐదేసి. ఆపైన పట్టికలో మొదటి నాలుగు జట్లతో బందరులో ఒక శని, ఆదివారాలు సెమీఫైనళ్లు, ఫైనల్. మొదటి జట్టు నాలుగోదానితో, రెండోది మూడోదానితో. అదే మన చివరి టోర్నమెంటు.

దీనికి భారత విశ్వవిద్యాలయాల సంఘం నిబంధనలు అడ్డు రావు. విశ్వవిద్యాలయ జట్టు ఎంపిక ఎవరిది వాళ్లే చేసుకుంటారు. ఫారం-3 దారి అలాగే ఉంటుంది. సెలక్షన్ కమిటీలకు మాత్రం ఒక్క మ్యాచ్ బదులు ఐదారు మ్యాచ్‌ల స్కోరు పుస్తకాలు చేతికొస్తాయి. నడపడానికి జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఉంది, ఆరుగురు పీడీలు కూర్చుని ఒక క్యాలెండరు రాసుకుంటే చాలు. ఆగస్టులో మొదలుపెట్టి, దసరా సెలవుల ముందు లీగు ముగించాలి. తుపాను నెలకు ముందే ఫైనల్ అయిపోవాలి. అవనిగడ్డ ఆడే రోజుల్లో మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికే మొదలవ్వాలి. దివిసీమ లోపలి ఊళ్ల పిల్లలు చివరి బస్సు అందుకోవాలి.

ఆడపిల్లల మ్యాచ్‌ను అదే రోజు, అదే కోర్టులో, మగపిల్లల మ్యాచ్ కంటే ముందు కాకుండా తరవాత పెట్టాలని నా కోరిక. ముందు పెడితే జనం వచ్చేసరికి అది అయిపోతుంది. నైస్మిత్ ఆట కనిపెట్టిన మరుసటి ఏడాదే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అమ్మాయిలకు నేర్పింది. అయినా అమెరికా కాలేజీ క్రీడా సంఘం అమ్మాయిలకు జాతీయ పోటీ పెట్టింది 1982లో. మన దగ్గర డిగ్రీ కాలేజీల్లో ఇవాళ అమ్మాయిలు తక్కువేమీ లేరు. కొన్ని తరగతుల్లో వాళ్లే ఎక్కువ. చీకటి పడ్డాక ప్రయాణ సదుపాయం, బట్టలు మార్చుకోవడానికి గది, వెంట ఒక మేడమ్. ఈ మూడూ సమకూర్చని కాలేజీకి ఆతిథ్యం ఇవ్వకూడదని మొదటి ఏడాదే నిబంధన రాసుకోవాలి. చివరి మ్యాచ్ వాళ్లదైతే కాలేజీ బస్సు వాళ్ల కోసం ఆగాలి, మగపిల్లలూ అదే బస్సులో వెళ్తారు.